ఒక్కడే ఉన్నాడట

ఒక్కడే ఉన్నాడు, బతికే ఉన్నాడు, ఎవరో ఇంకా తెలియదు, తెలియగానే చేస్తాను, ఇంతే చెప్పి నికనోర్ ఫోన్ పెట్టేశాడు. వకమోంతె చేపల రేవులో వైర్‌లెస్ దగ్గర కూర్చునే నికనోర్, మొదలుపెడితే కబుర్లు ఆపనివాడు, ఇవాళ నాలుగు ముక్కలతో సరిపెట్టాడు. ఎక్కడో మాల్పెలో దీవి వైపు, మనవాళ్ళ పడవలు ఎన్నడూ వెళ్ళనంత దూరాన, ఈక్వడోర్ వాళ్ళ తూర చేపల ఓడకి ఒక మోటారు పడవ కనబడిందట, మోటారు చచ్చిపోయి నీళ్ళ ఇష్టానికి కొట్టుకుపోతోందట, అడుగున ఒక మనిషి పడి ఉన్నాడట, ఊపిరి ఉందట, మాట లేదట. చేపలకని వెళ్ళి వారాలుగా తిరిగిరానివాళ్ళు ఇద్దరు. నా మొగుడు ఎవెలియో, దోన్యా దొరొతేయా కొడుకు రిగో. ఆవిడ నాకు ఎదురుగా, మేం ఎక్కిన తెరచాప పడవ ముక్కు దగ్గర కుడి పక్కన, తాడు చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంజను మోతలో వినబడదని ఫోన్ గట్టిగా వినిపించేలా పెట్టాను కాబట్టి అంతా ఆవిడా విన్నది. ఒక్కడే అన్న మాట విన్నది. నేను అడిగింది కూడా విన్నది. "ఎడమ చేతికి చిటికెనవేలు ఉందో లేదో చూడమను నికనోర్, ఆ ఒక్కటీ చూడమను" అన్నాను నేను. వల తాడు చుట్టుకుని ఆ వేలు ఎప్పుడో పోయింది ఎవెలియోకి. రిగోకి ముందు పన్ను బంగారంది. అది కూడా చూడమని అనొచ్చు. అనలేదు. అనలేదన్న సంగతి నాకు ఎప్పుడు తెలిసిందంటే, దొరొతేయా నా మొహంలోకి చూడకుండా తాడు చుట్ట విప్పడం మొదలుపెట్టినప్పుడు.

మళ్ళీ చేద్దామంటే అప్పటికే మిరాఫ్లోరెస్ మొదటి లాకులోకి వచ్చేశాం. "ముందు తాళ్ళు!" అని అరిచాడు సెన్యోర్ అర్కెలియో. రెండు సముద్రాల్ని కలిపే ఈ కాలువ దాటే ప్రతి చిన్న పడవలోకీ కాలువ వాళ్ళు ఇలాంటి మనిషిని ఒకణ్ణి ఎక్కిస్తారు, దారి చెప్పడానికి, మమ్మల్ని అదుపులో పెట్టడానికి. నిన్న సాయంత్రం గతూన్ లాకులు ఎక్కి చెరువులో లంగరు వేశాం, ఈయన పొద్దున్నే ఎక్కాడు, ఎక్కిన దగ్గర్నించీ సణుగుడే, ఇంజను దగ్గుతోందని, తాగే నీళ్ళు వెచ్చగా ఉన్నాయని, ముందు తాళ్ళ మీద ఆడవాళ్ళని పెట్టారేమిటని. "ఆ పెద్దావిడ మీ అమ్మంత ఉంటుంది సెన్యోర్. మీ అమ్మ చెయ్యి పట్టుకున్నప్పుడు మీరెప్పుడైనా పడిపోయారా?" అన్నాడు క్లెమెంతే చుక్కాని దగ్గర్నించి, మొహం బిగించుకుని. ఆయన నవ్వాపుకోవడానికి టోపీ కిందికి లాక్కున్నాడు. ఇప్పుడు ఆ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫోన్లో మాటలు ఆయనా విన్నాడు కదా. వెనక్కి వెళ్ళి గొంతు తగ్గించి క్లెమెంతేని అడగడం నాకు వినిపిస్తోంది, "వాళ్ళ మనుషులా?" "అవును." "మరి నువ్వు?" "నేనా? ఆ చిన్నావిడకి మొదటి మొగుణ్ణి." "ఇప్పుడు వెతికేది ఎవర్ని?" "రెండో మొగుణ్ణి."

గోడల మీద నుంచి పనివాళ్ళు సన్నటి తాళ్ళు విసిరారు, కొసన బరువు ముడి దబ్బుమని నా కాళ్ళ దగ్గర పడింది, దానికి మా లావు తాడు కట్టాను, వాళ్ళు పైకి లాక్కుని దిమ్మకి తగిలించారు. ముందు రెండు తాళ్ళు, వెనక రెండు, వెనకవి క్లెమెంతే పినతండ్రి కొడుకుల చేతుల్లో ఉన్నాయి, మధ్యలో మా పడవ గొలొండ్రీనా. నీళ్ళు గోడ అంచుదాకా నిండుగా ఉన్నాయి, పక్కన గడ్డి కోసిన వాసన వస్తోంది, మనం నేల మీదే ఉన్నట్టు, ఇదేదో పార్కు అన్నట్టు. మా వెనక ఓడ వచ్చింది. కార్లు మోసే ఓడ, కిటికీల్లేని తెల్లటి మేడ, పట్టాల మీది ఇంజన్లు రెండు పక్కలా ఇనప తీగలతో దాన్ని పట్టుకుని నడిపిస్తున్నాయి, మేం వాటిని కంచరగాడిదలంటాం. అది తోసుకొచ్చిన నీళ్ళకి మా పడవ ముందుకి ఉరికింది, నా తాడు బిగిసింది, దొరొతేయా తాడూ బిగిసింది, ఇద్దరం ఒకేసారి వెనక్కి వాలి ఆపాం. ఇందాకటి లాకులోలాగే ఇక్కడా దిగడమే. లాకులో నీళ్ళు దిగుతుంటే పని ఒక్కటే, ఇద్దరం తాడు సమంగా వదలాలి. నేను బిగించి ఆవిడ వదిలేస్తే పడవ నా గోడకి కొట్టుకుంటుంది, ఆవిడ బిగించి నేను వదిలేస్తే ఆవిడ గోడకి. "ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు చూసుకోండి" అని గతూన్‌లోనే చెప్పాడు క్లెమెంతే. నిన్నటి నుంచీ చూసుకుంటూనే ఉన్నాం. ఇప్పుడు చెయ్యి చూద్దామంటే దాని పైన మొహం ఉంది.

వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు కదలడం కంటికి తెలియదు, గోడ మీద తడి గీత ఒకటి పుడుతుంది, అది లావవుతుంది, అంతే. జానెడు తాడు వదిలాను. ఆవిడా జానెడు వదిలింది. దేవుడా అది ఎవెలియో అయ్యుండాలి. అనేశాను. పైకి అనకపోయినా అన్నట్టే. పోర్తోబెలో గుడిలో నల్ల క్రీస్తు ఉన్నాడు, ఊదారంగు అంగీ వేసుకుని, సిలువ మోస్తూ, ఆయన ముందు మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళేవాళ్ళని చిన్నప్పటి నుంచి చూశాను, నేనూ వస్తాను స్వామీ, రోడ్డు మొదట్నించీ పాక్కుంటూ వస్తాను, అది ఎవెలియో అయ్యుండాలి. మళ్ళీ అనేశాను. ఎవెలియో అయ్యుండాలంటే ఏమిటి అర్థం? రిగో అయ్యుండకూడదని. రిగో నీళ్ళలో ఉండాలని. ఆదివారాలు మా ఇంట్లో తినేవాడు, బంగారు పన్ను కనబడేలా నవ్వుతూ, "వదినా, ఇంకొంచెం కొబ్బరన్నం పెట్టు, మా అమ్మకి చెప్పకు, దానికి కుళ్ళు" అనేవాడు. మా పంకా ఆగిపోతే బల్ల మీద బల్ల వేసుకుని ఎక్కి బాగుచేశాడు. అలాంటివాణ్ణి నేనిప్పుడు, జానెడు జానెడు తాడు వదులుతూ, నీళ్ళలోకి దింపుతున్నాను. కాదు స్వామీ, ఇద్దరూ బతకాలి, అలా మార్చి చెప్పాను. కానీ ఒక్కడే అన్నారు కదా. లెక్క తేలిపోయింది. ఇంక నేను ఎలా దణ్ణం పెట్టుకున్నా అది ఎదురుగా కూర్చున్న మనిషి గుండెల్లోకే పోతుంది. ఆవిడ పెదాలూ కదులుతున్నాయి. ఆవిడ ఏం అడుగుతోందో నాకు తెలుసు. కోపం రావాలి కదా, రాలేదు, భయం వేసింది, ఆవిడ నాకంటే పెద్దది, ఎక్కువ ఏళ్ళు పూజలు చేసింది, ఆవిడ మాటే ముందు వింటాడేమో.

"ఇస్మేనియా! నీ తాడు!" అర్కెలియో కేక. బిగిసిపోయింది, ఇనప కొమ్ముకి చుట్టిన తాడు కిర్రుమంటోంది, పడవ ముక్కు నా గోడ వైపు తిరుగుతోంది. ఒక్క చుట్టు విప్పాను, తాడు అరచేతిని కోసుకుంటూ జారింది. ఎదురుగా దొరొతేయా తన తాడు పట్టి ఆపి, నేను సర్దుకునేదాకా చూసి, మళ్ళీ మెల్లగా వదిలింది. తిట్టలేదు. "చూసుకో పిల్లా" అంది అంతే, మామూలుగా, వంటింట్లో పాలు పొంగుతున్నాయని చెప్పినట్టు. పొద్దున అర్కెలియో కోసం కోడి పులుసు వండింది కూడా ఆవిడే. కాలువ మనిషికి వేడి భోజనం పెట్టాలని రూలు, పెట్టకపోతే పడవని ఆపేస్తారు, నేను వండలేను అంటే, "జరుగు" అని నన్ను తోసేసి, ఊగే పడవలో పెండలం దుంపలు చెక్కుతీసి, కొత్తిమీర వాసన వేసే కులాంత్రో ఆకు వేసి, ఉప్పు చూసి మరీ వండింది. ఆయన రెండోసారి వడ్డించుకుంటుంటే, "తినండి, తిని తొందరగా తీసుకుపోండి" అంది. తొందరేమిటని ఆయన అడగలేదు. కాలువ వాళ్ళ దృష్టిలో మాది విహారయాత్ర. తెరచాప పడవకి ఇంకేం పని ఉంటుంది.

ఎందుకు తెరచాప పడవ అని క్లెమెంతేకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. రెండు బస్సులు మారి పోర్తోబెలో వెళ్ళాను, తొమ్మిదేళ్ళ తర్వాత. ఒడ్డున పడవని పక్కకి వాల్చి అడుగున పట్టిన గుల్లలు గీకుతున్నాడు. నన్ను చూసి గీకడం ఆపలేదు. వెతకడం ఆపేశారు క్లెమెంతే, అన్నాను. మోటారు పడవలవాళ్ళు వెళ్ళినంత దూరం వెళ్ళారు, తిరిగి రావడానికి పెట్రోలు ఉండాలి కదా, ఇంక వెళ్ళలేమంటున్నారు. గాలితో పోయేదైతేనే అంతదూరం పోతుంది. నాకు తెలిసిన గాలి పడవ నీదొక్కటే. అది ఈ సముద్రంలో ఉంది, వాళ్ళు ఆ సముద్రంలో ఉన్నారు. అతను గీకుతూనే, "మంచినీళ్ళు ఎన్ని పట్టుకెళ్ళారు వాళ్ళు?" అని అడిగాడు. ఒక్కరోజుకి సరిపడా. "మంచు పెట్టె ఉందా?" ఉంది. "వానలు పడుతున్నాయిగా," అన్నాడు, "మంచు పెట్టె ఉంటే వాన పట్టుకోవచ్చు." ఆ మాట అన్నందుకు నేను ఆ ఇసకలో కూలబడిపోయాను, అప్పటిదాకా నాతో ఎవరూ అలాంటి మాట అనలేదు, అందరూ నా భుజం మీద చెయ్యి వేసేవాళ్ళే. సాయంత్రం సారా కొట్టు ముందు ఎవడో అరిచాడు, "ఏరా క్లెమెంతే, నీ పెళ్ళాన్ని ఎత్తుకుపోయినవాణ్ణి వెతకడానికి పోతున్నావటగా?" "నేను ఏ పని మీద పోతే నీకెందుకురా, నీ పెళ్ళాన్ని ఎవడూ ఎత్తుకుపోవడం లేదని బాధగా ఉందా?" అని అతను పడవలోకి నీళ్ళ డబ్బాలు ఎక్కిస్తూనే ఉన్నాడు. మంచివాడు. అప్పుడూ మంచివాడే. ఇంట్లో ఉన్నప్పుడు కూడా కిటికీలోంచి గాలి ఎటు వీస్తోందో చూసేవాడు, అంతే. వెళితే నెలలు. నేను కాలువకి అటువైపు, వకమోంతెలో మా అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోయి చేపల బజారులో పని చూసుకున్నాను. అక్కడ ఎవెలియో. గొప్పవాడు కాదు, అందగాడు కాదు, రోజూ చీకటి పడేలోపు ఇంటికొచ్చే మనిషి. రోజూ. చేపల కంపుతో వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచి "ఉన్నావా?" అని పిలిచేవాడు. అదొక్కటే చూసి చేసుకున్నాను. రోజూ వస్తాడు కదా అని.

తలుపులు తెరుచుకున్నాయి, రెండో లాకులోకి జరిగాం, గోడ మీద పనివాళ్ళు మా తాళ్ళు పట్టుకుని కుక్కల్ని నడిపించినట్టు ముందుకి నడిచారు. ఇది ఆఖరుది. ఎదురుగా కనిపించే ఆ జంట తలుపుల అవతల ఇంక లాకులు లేవు, ఉప్పునీళ్ళే. పక్కన మేడ మీద జనం, టిక్కెట్లు కొనుక్కుని ఓడల్ని చూడటానికి వచ్చినవాళ్ళు, మూడంతస్తుల నిండా. మైకులో ఒకమ్మాయి ఉత్సాహంగా చెబుతోంది, వెనకున్న కార్ల ఓడ పొడవెంతో, వెడల్పెంతో, దాని ముందు చూడండి, ఎంత ముద్దుగా ఉందో, ఒక బుల్లి తెరచాప పడవ, అందరూ చేతులూపండి. అందరూ చేతులూపారు. వందల చేతులు. దొరొతేయా తలెత్తి వాళ్ళని చూసింది, ఏమనుకుందో, తాడు లేని చేత్తో ఒకసారి ఊపింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అలాగే ఊపేది వకమోంతె రేవు గట్టు మీద, ఏ పడవ వస్తున్నా సరే. పగలంతా గట్టు మీద పక్కపక్కనే నిలబడేవాళ్ళం, ఒక గొడుగు కింద. వెతికేవాళ్ళ పెద్ద వచ్చి, "సముద్రం చాలా పెద్దది సెన్యోరా" అన్నప్పుడు, "నా కొడుకు చిన్నవాడయ్యా, అందుకేగా వెతకమంటున్నాను" అంది. నేను నోరెత్తలేకపోతే మా ఇద్దరి తరఫునా ఆవిడే గొడవపడింది, ఎవెలియో పేరు ముందు చెప్పేది, రిగో పేరు తర్వాత. ప్రతిసారీ. అది ఇప్పుడు గుర్తొస్తోంది. మరి ఫోన్లో నేను వేలు గురించే ఎందుకు అడిగాను? ఇంకొక్క మాట అంటే ఏం పోయేది? బంగారు పన్ను చూడమని అంటే, అటువైపునుంచి ఉంది అని జవాబు వస్తుందేమోనని. అదీ కారణం. నా నోటితో నేను అడిగి తెచ్చుకోకూడదని.

నీళ్ళు దిగడం మొదలయ్యాక ఫోన్ మోగింది. నా నడుముకి కట్టుకున్న సంచీలో, పొట్ట మీద, బొంగరంలా తిరుగుతూ మోగుతోంది. రెండు చేతుల్లోనూ తాడు. ఈ ఆఖరి లాకులో నీళ్ళు జోరుగా దిగుతాయి, ఒక్క చెయ్యి చాలదు, ఇందాకే చూశాను. మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. "ఎత్తు!" అని అరిచింది దొరొతేయా. "చేతులు ఖాళీ లేవు!" "ఎత్తవే!" "తాడు జారిపోతుంది దోన్యా!" ఆవిడ కళ్ళు నా పొట్ట మీదే ఉన్నాయి, అక్కడే ఉన్నట్టు వాడు, ఎవడైతే వాడు. చేతులు మాత్రం తప్పలేదు, జానెడు, జానెడు, జానెడు. గోడలు మా చుట్టూ లేస్తున్నాయి, నల్లగా, నాచుతో, మేడ మీది జనం పైకి పోతున్నారు, ఆకాశం ఇరుకైపోతోంది, ఫోన్ మోగుతోంది. చెప్పకు, అనుకున్నాను ఉన్నట్టుండి. నికనోర్, చెప్పకు. ఇలాగే మోగనీ. మోగినంతసేపూ ఇద్దరూ బతికే ఉన్నారు, ఆవిడా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోగలం. ఈ తలుపులు తెరుచుకోకుండా, ఈ నీళ్ళు ఇలా దిగుతూనే ఉంటే బాగుండును. అప్పుడు సెన్యోర్ అర్కెలియో పడవ అంచు పట్టుకుని ముందుకి వచ్చాడు, "నేను తీస్తాను, మీరు తాళ్ళు చూడండి" అని, పరాయి మగవాడు, నా నడుము సంచీలో చెయ్యి పెట్టి ఫోన్ తీశాడు. చెవికి గట్టిగా అదుముకుని, రెండో చెవి వేలితో మూసుకుని విన్నాడు. ఊ అన్నాడు. ఊ. ఎప్పుడు? ఊ. మా ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, కాళ్ళ కింది చెక్కల వైపు చూస్తూ విన్నాడు. ఆ తర్వాత తలెత్తి, నన్ను చూసి, ఆవిణ్ణి చూసి, మళ్ళీ నన్ను చూసి అడిగాడు.

"మీలో ఎవెలియో ఎవరి మనిషి?"

ఎందుకు అడుగుతున్నాడు? బతికినవాడి పేరా, పోయినవాడి పేరా? అడిగేటప్పుడు గొంతు ఎలా ఉంది? మంచివార్త చెప్పే మనిషి అలా అడుగుతాడా? చెడువార్త చెప్పేవాడు టోపీ తీస్తాడు, ఈయన టోపీ ఇందాకే తీసేశాడు, పోల్చుకోవడానికి ఏ గుర్తూ మిగల్లేదు. నా మనిషి అనాలి. అంటే అయిపోతుంది, ఏదో ఒకటి. తాడు జారుతోంది. జానెడు. "దాని మనిషి," అంది దొరొతేయా నా వైపు గడ్డం చూపించి. "ఎవెలియో దాని మొగుడు. చెప్పండి దానికి."

"బతికున్నది అతనే," అన్నాడు అర్కెలియో. "కళ్ళు తెరిచి పేరు చెప్పాడట. నీళ్ళు తాగించారట."

ఏమైంది నాకు? నేను అరిచానా? అరిచానట, క్లెమెంతే తర్వాత చెప్పాడు. నాకు తెలిసింది ఒక్కటే, ఒంట్లో ఎక్కడెక్కడో కట్టేసి ఉన్న ముళ్ళన్నీ ఒక్కసారి ఊడిపోయాయి, సిగ్గు లేకుండా, ఎవరున్నారని చూడకుండా, ఒళ్ళంతా సంతోషం అయిపోయింది, బతికున్నాడు, గుమ్మంలో చెప్పులు, ఉన్నావా అని పిలుపు, బతికున్నాడు. రెండు ఊపిరులు తీసేంతసేపు నాకు లోకంలో ఇంకెవరూ లేరు. అప్పుడు ఎదురుగా చూశాను. అర్కెలియో ఆవిడ పక్కన ఒంటి మోకాలి మీద కూర్చుని, "సెన్యోరా," అంటున్నాడు, "మీ అబ్బాయి..."

"తాడు వదులుతున్నాను, కనిపించడం లేదా?" అంది దొరొతేయా. "నీళ్ళు దిగాక చెప్పండి."

ఆయన మోకాలి మీదే ఉండిపోయాడు. ఆవిడ వదులుతూనే ఉంది. నా చెయ్యి చూస్తూ, నేను ఎంత వదిలితే అంత, ఒక్క వేలు కూడా ఎక్కువ తక్కువ కాకుండా. నేను చూడలేక తల దించేసుకుంటే, "చూడు పిల్లా, చూడకపోతే ఎలా తెలుస్తుంది నాకు" అంది. చూశాను. కళ్ళు పొడిగా ఉన్నాయి, మొహం ఎవరో లోపల్నించి గుంజి పట్టుకున్నట్టుంది, దవడ అదురుతోంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఆవిడకి సంబంధం లేనట్టు. ఎంతసేపని? లాకు ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. మనిషి చనిపోయాడని తెలిసీ తెలియనట్టు ఉండటానికి కాలువ వాళ్ళు ఆవిడకి ఇచ్చిన గడువు అది. ఆ గడువులో ఆవిడ మనసులో రిగో ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో, పెండలం దుంపలకి మారాం చేస్తున్నాడో, మొదటిసారి బడికి పోతున్నాడో, నాకు తెలియదు, ఆవిడ పెదాలు ఇంక కదలడం లేదు. వెనక చుక్కాని దగ్గర క్లెమెంతే ముక్కు చీదాడు. పైన మైకులో అమ్మాయి ఈ లాకులు కట్టడానికి ఎంత సిమెంటు పట్టిందో చెబుతోంది.

గోడలకి తడి గీత పెరగడం ఆగింది. ముందున్న తలుపుల మధ్య సన్నటి వెలుగు గీత, అది వెడల్పవుతోంది, ఉప్పు వాసన గుప్పుమంది, గూడబాతులు నీళ్ళ మీదికి దూకుతున్నాయి, మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసేచోట చేపలు తేలతాయని వాటికి తెలుసు. "ఇప్పుడు చెప్పండి," అంది దొరొతేయా. అర్కెలియో చెప్పాడు. నాలుగైదు రోజుల కిందటే పోయాడట. జ్వరం. ఎవెలియో చేతనైన ప్రార్థన చదివి నీళ్ళకి ఇచ్చేశాడట. ఇంతకంటే ఓడవాళ్ళకి తెలియదు, నికనోర్‌కి తెలియదు. ఆవిడ విన్నది. వినేసి, ఆయన్ని కాదు, నన్ను అడిగింది.

"పక్కనే ఉన్నాడుగా? నీ మొగుడు. వాడు పోయేటప్పుడు మనిషి పక్కన ఉన్నాడుగా?"

"ఉన్నాడు దోన్యా," అన్నాను. నాకేం తెలుసు? ఏమీ తెలియదు. ఆ పడవ ఎంతని, పక్కన కాక ఎక్కడుంటాడు, అనుకున్నాను గానీ, నిద్రపోతూ ఉండొచ్చు, ఒళ్ళు తెలియకుండా పడి ఉండొచ్చు, తెల్లారి చూసి ఉండొచ్చు. "పక్కనే ఉన్నాడు. చెయ్యి పట్టుకునే ఉన్నాడు." ఆపలేకపోయాను, ఇంకా చెప్పమంటే ఇంకా చెప్పేదాన్ని. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. నమ్మిందని అనుకోను. తల మాత్రం ఊపింది.

గోడమీదివాళ్ళు మా తాళ్ళు వదిలేశారు, నీళ్ళలో పడ్డాయి, ప్రొపెల్లర్‌కి చుట్టుకోకముందే లాగేయాలి. లాగాం, నలుగురం నాలుగు మూలలా. వెనకనుంచి కార్ల ఓడ హారన్ కొట్టింది, ఇంక కదలండని. గొలొండ్రీనా తలుపుల మధ్యలోంచి బయటికి జారింది, ఒక్కసారి ఎండ, గాలి, రెండు పక్కలా బురద ఒడ్లు, దూరంగా వంతెన. అర్కెలియోని తీసుకుపోవడానికి కాలువ వాళ్ళ లాంచీ ఎదురొస్తోంది. "నువ్వు ఆయనతో దిగిపో," అంది దొరొతేయా. "ఓడవాళ్ళు వాణ్ణి ఏ రేవుకి తెస్తారో కనుక్కో, పో."

"మీరు?"

"నేనెక్కడికి దిగను? నావాడు ఆ నీళ్ళలోనేగా ఉన్నాడు." క్లెమెంతే వైపు తిరిగింది. "తీసుకెళతావా నాయనా? ఆ ఓడవాళ్ళకి పడవ దొరికిన చోటికి. అంతదూరం కాకపోతే నీకు వీలైనంత దూరం."

క్లెమెంతే నన్ను చూడలేదు. గాలి ఎటు ఉందో చూశాడు. "బియ్యం ఉన్నాయి, నీళ్ళున్నాయి," అన్నాడు. "పోదాం."

నేనూ వస్తానని అనాలి. ఆ మాట గొంతుదాకా వచ్చింది, నిజంగా వచ్చింది. అప్పుడే లాంచీ వచ్చి పక్కన తగిలింది, సెన్యోర్ అర్కెలియో ముందు దిగి చెయ్యి చాపాడు, నేను ఆ చెయ్యి పట్టేసుకున్నాను. అంతే. కాళ్ళు వాటంతటవే దాటేశాయి. దొరొతేయా పడవ అంచు మీదికి వంగి నా జుట్టు చెవి వెనక్కి సర్దింది. "వాడికి ముందు తిండి పెట్టు, పులుసే, గట్టివి పెట్టకు, కడుపు తట్టుకోదు," అంది. "తర్వాత నెమ్మదిగా అడుగు. నా కొడుకు చివర్లో ఏమన్నాడో అడుగు. ఏమీ అనకపోతే అనలేదనే చెప్పు నాకు. కల్పించకు."

లాంచీ తిరిగింది. పడవలో ఆవిడ నా ఎడమ పక్క తాడు కూడా తీసుకుని చుట్ట చుడుతోంది. లాంచీ నడిపేవాడికి ఏమీ తెలియదు, మా మొహాలు చూసి ఏమనుకున్నాడో, కాగితంలో చుట్టుకున్న తన రొట్టె విప్పి, నూనెలో వేయించిన మందపాటి రొట్టె, సగం తుంచి నాకిచ్చాడు. వద్దందామనుకున్నాను. చేతిలోకి వచ్చాక వాసన తగిలింది. కొరికాను. ఉప్పగా, చల్లారిపోయి, సాగుతూ, దేవుడా ఎంత బాగుందో, నమలకుండా మింగాను, మళ్ళీ కొరికాను, వేళ్ళకంటిన నూనె నాకాను, కోసుకుపోయిన అరచెయ్యి చురుక్కుమంది, మిగతా సగం కూడా అతను నా ఒళ్ళో పెట్టాడు. వంతెన దాటాక అక్కడ తెరచాప లేచింది, ముందు ముడతలుగా, తర్వాత గాలి పట్టి బిగువుగా, దాని కింద చిన్నగా ఒక మనిషి పడవ ముక్కు మీద నిలబడి ఉంది, ఇటు తిరగలేదు. నేను చూస్తూనే ఉన్నాను, తింటూనే ఉన్నాను.